తూర్పు ముఖంగా తిన్న పిల్లి

పోయిన నెల కోవిల్‌పట్టిలో మా చిన్నమ్మను చూడబోయినప్పుడు, ఇంకా వీధి మలుపు తిరగకముందే ఆ వాసన ముక్కుకు తగిలింది. చింతపండు పులుసు గానుగ నువ్వుల నూనెలో కుతకుతలాడుతూ, ఎండుమిరపకాయల ఘాటునూ, ఇంగువనూ, వేయించిన మెంతుల చిరుచేదునూ తనలో కలుపుకుంటూ మెల్లగా దగ్గరపడే వాసన. మా వైపు దాన్ని పులికాచలు అంటారు. వేడి అన్నంలో కలిపితే పులిహోర. నలభై ఏడేళ్ళదాన్ని, ఇద్దరు కూతుళ్ళకు పెళ్ళి చేసినదాన్ని, నడివీధిలో నిలబడిపోయి, ఏదో తప్పు చేసినట్టు రెండు చేతులూ పావడాకు తుడుచుకోబోయాను. పావడా లేదు, చీర ఉంది. చేతులకు నూనే లేదు.

ముందే ఒక సంగతి ఒప్పేసుకుంటాను. నేను కోతలు కోసే మనిషిని. మా వీధి పిల్లలు నన్ను చూడగానే "అత్తా, ఏనుగు కథ" అంటారు. మా తాత తన ఏనుగును పత్తి చేలో పోగొట్టుకుని, కాయలు పగిలి చేనంతా తెల్లబడిపోవడంతో కనిపించక మూడు రోజులు వెతికిన కథ అది. మా తాతకు ఏనుగు లేదు. ఉన్నవి రెండు ఎడ్లు, అందులో ఒకటి కుంటిది. అయినా ఆ కథ చెప్పినన్నిసార్లూ తాత చేతిలో అంకుశం నాకు కనిపిస్తూనే ఉంటుంది, నేనేం చేయను? ఇప్పుడు చెప్పబోయేది మాత్రం అలాంటిది కాదు. నడుమ నడుమ చెయ్యి జారి ఒకటో రెండో కలిపితే, కలిపినచోటే చెప్పేస్తాను.

పంతొమ్మిదివందల ముప్పైల మొదట్లో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, మా ఊరు కోవిల్‌పట్టికి తూర్పుగా, ఎట్టయాపురం పోయే బండిదారికి కొంచెం లోపలగా, నల్లరేగడి నేలలో ఉండేది. వాన పడితే ఆ మట్టి మడమలను పట్టుకుని వదిలేది కాదు. ఎండ కాస్తే నా చెయ్యి మోచేతి దాకా దూరేటంత నెర్రెలు విచ్చేది, వాటిలో పడిపోయిన గోలీలు పాతాళంలో పిల్లలు ఆడుకుంటారని నేను తమ్ముళ్ళకు చెప్పేదాన్ని. ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, గాలి మొదలైతే పెరట్లో ఆరేసిన చీరలు పక్క ఊళ్ళో దొరికేవి (ఇది కోత). ఎండలు మొదలయ్యే మాసి నెలకు మిద్దెల మీదా వాకిళ్ళలోనూ మిరపపళ్ళు ఎర్రగా పరుచుకుని, ఊరు ఊరంతా తుమ్ముతూ మాట్లాడుకునేది. పత్తి ఇంటికి వచ్చిందంటే పడమటి గదిలో కప్పు దాకా పోసిన దూది మీదికి ఎక్కి దూకడం, దూకి చెవుల్లోనూ జుట్టులోనూ ఇరుక్కున్న పత్తితో అమ్మకు దొరికిపోవడం. పొద్దున్నే చల్లలో కలిపిన సజ్జ అంబలి, నంజుకోవడానికి నిప్పుల మీద కాల్చిన ఎండు మజ్జిగ మిరపకాయ. గడప దాటితే తమిళం, గడప లోపల తెలుగు. ఆ తెలుగు మా వాళ్ళు ఎన్ని తరాల కింద మోసుకొచ్చారో, దారిలో ఏమేం కలుపుకున్నారో ఎవరికీ తెలియదు.

ఆ ఇంటికి పెత్తనం మా అవ్వది, అంటే నాన్నను కన్న తల్లిది. అవ్వకు గడియారం తెలియదు, అక్షరం తెలియదు, కానీ ఏది ఎటు తిరిగి చేయాలో తెలుసు. విత్తనం మూట ఏ మూల విప్పాలి, కొత్త కుండలో మొదట ఏం వండాలి, పసిబిడ్డ పుట్టువెంట్రుకలు ఏ దిక్కున కూర్చోబెట్టి తీయాలి అన్నీ ఆవిడ వేళ్ళ మీద ఉండేవి. చెడ్డమనిషి కాదు. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా మూడు రోజులు తను కూడా తినేది కాదు. కానీ ఆవిడ ఒక మాట అంటే అది దూలం ఎక్కి కూర్చున్నట్టే, దించడం ఎవరి తరమూ కాదు.

మా చిన్నాయన పెళ్ళి చేసుకుని తీసుకువచ్చిన చిన్నమ్మది విరుదునగరం. ఆ ఊరు పేరు మారి కొన్నేళ్ళయినా అవ్వ మాత్రం "విరుదుపట్టిది" అనే పిలిచేది. మంగమ్మ చిన్నమ్మ కాపురానికి వచ్చిన రోజు బండిలోంచి పెట్టె దిగింది, ఇత్తడి బిందెలు దిగాయి, ఆఖరున ఆవిడ ఒడిలోంచి మూత కట్టిన మిరపకాయల గంప ఒకటి దిగింది. మూత విప్పితే అందులో మిరపకాయలు లేవు. గుప్పెడంత పిల్లికూన, తెలుపు మీద ఎర్ర మచ్చలతో, పదకొండుసార్లు తుమ్మింది. నేనే లెక్కపెట్టాను. పండుమిరపకాయ రంగు మచ్చలు కాబట్టి దాని పేరు పండు. కొత్తకోడలు పిల్లితో రావడం అవ్వకు నచ్చలేదు గాని, గాదె కింద ఎలుకలు ఎక్కువగా ఉండటంతో ఊరుకుంది.

రెండేళ్ళలో చిన్నమ్మ రెండుసార్లు నీళ్ళోసుకుంది, రెండుసార్లూ నిలవలేదు. అప్పుడు నాకు అవన్నీ చెప్పేవాళ్ళు కాదు. ఉన్నట్టుండి చిన్నమ్మ పడమటి గదిలో పడుకుని ఉండటం, అవ్వ వాకిట్లో కూర్చుని మాట్లాడకుండా వక్కలు కత్తిరించడం, అమ్మ నన్ను చేనికి తరిమేయడం మాత్రం తెలుసు. ఆ రెండుసార్లూ పండు చిన్నది, దానికేమీ పట్టలేదు.

మూడోసారి మాత్రం చిన్నమ్మ కంటే ముందు పండుకు తెలిసింది. ఇది కోత కాదు. గాదె కిందికీ మిద్దె మీదికీ తిరగడం మానేసి, చిన్నమ్మ ఎక్కడికి పోతే అక్కడికి పోవడం మొదలుపెట్టింది. బావి దగ్గర ఆవిడ నీళ్ళు చేదుతుంటే తడి గట్టు మీద, అసలే నీళ్ళంటే చచ్చే భయం ఉన్న పిల్లి, కాళ్ళు ఒక్కొక్కటీ విదిలించుకుంటూ కూర్చునేది. ఆవిడ పత్తికాయలు వలుస్తుంటే ఒడిలోకి ఎక్కి, పొత్తికడుపు మీద ముందు కాళ్ళతో పిండి పిసికినట్టు పిసికి, చెవి ఆనించి గురగురమంటూ పడుకునేది. చిన్నాయన పక్కన కూర్చోబోతే తోక లావు చేసి బుస్సుమనేది. "నా ఇంట్లో నాకే తావు లేకపోయె" అని ఆయన మొత్తుకునేవాడు. పొద్దున చిన్నమ్మ లేచేసరికి చాప పక్కన ఎలుకో, ఉడుతో, సగం తొండో పెట్టి ఉండేది. నాకు వేవిళ్ళు వస్తే అమ్మ దానిమ్మపండు ఇచ్చింది, చిన్నమ్మకు పండు తొండనిచ్చింది, అని తరువాతి రోజుల్లో నా కూతుళ్ళను నవ్వించేదాన్ని.

అయిదో నెలలో ఒక మధ్యాహ్నం, నేను ఎదురుగా కూర్చుని చింతగింజలు ఆడుకుంటున్నాను. పండు ఎప్పటిలాగే చెవి ఆనించి కళ్ళు మూసుకుని ఉంది. లోపల బిడ్డ తన్నింది. పిల్లి తల ఎగిరిపడింది. అది లేచి, కడుపు వంక చాలాసేపు చూసి, గోళ్ళు లోపలికి ముడుచుకుని, అదే చోట కాలితో మెత్తగా ఒక దెబ్బ తిరిగి వేసింది. చిన్నమ్మ నవ్వింది. పెళ్ళయిన తరువాత ఆవిడ పళ్ళు కనిపించేలా నవ్వగా నేను చూసింది అదే మొదలు. "సుబ్బీ, ఇది నా వొళ్ళో ఉండేదాకా బిడ్డ జారిపోకుండా ఉంటాది, చూడు" అంది.

ఇంత చూసి ఊరుకునే నోరు కాదు నాది. సాయంకాలానికల్లా వీధిలో చెప్పేశాను. పండు చెవి ఆనించి బిడ్డ మాటలు వింటోందనీ, విన్నది నాకు చెబుతోందనీ. నాలుగు రోజుల్లో నాకు పలుకుబడి వచ్చింది. పక్కింటి ఆడవాళ్ళు మురుకులు తెచ్చి ఇచ్చి, బిడ్డను అడగమని ప్రశ్నలు చెప్పేవాళ్ళు: వాన ఎప్పుడు పడుతుంది, పోయిన ఆవు ఏ దిక్కున ఉంది. నేను పిల్లి ముందు గొంతుక్కూర్చుని, అది ఎన్నిసార్లు రెప్ప వేస్తే అన్ని రోజులు అని చెప్పేదాన్ని. ఆవు నిజంగానే దొరికింది. ఆ రోజు నుంచి అవ్వ కూడా, ఎవరూ లేనప్పుడు చూసి, నా దగ్గరికి వచ్చింది.

"ఏమిమ్మి సుబ్బీ, పిల్లి ఏమి చెప్పె ఈ పొద్దు?"

"మొగబిడ్డంట అవ్వా. ఎడమ పక్క తిరిగి పండుకోని ఉండాడంట."

"ఎడమ పక్కా?" అవ్వ కళ్ళు తడి అయ్యాయి. "వాళ్ళ తాత మాదిరే."

నవ్వు ఆపుకోలేక నేను దూది గదిలోకి పరిగెత్తాను. ఆ నవ్వు ఎంత దూరం పోయి తిరిగి వస్తుందో తొమ్మిదేళ్ళ బుర్రకు అందలేదు. అప్పటిదాకా ఎలుకలు పట్టే పిల్లి, నా నోటి పుణ్యమా అని, ఆ వీధిలో ఏదో తెలిసిన పిల్లి అయిపోయింది.

ఈలోగా పండు పొట్ట కూడా కిందికి జారింది. దాని కడుపు చూసి మొదట లెక్కకట్టింది అవ్వే. మా వాళ్ళలో ఒక కట్టుబాటు ఉండేది: ఒకే కప్పు కింద రెండు కడుపులు ఉండకూడదు. ఇద్దరు కోడళ్ళు ఒకేసారి నీళ్ళోసుకుంటే, వెనక నీళ్ళోసుకున్నదాన్ని పుట్టింటికో మేనత్త ఇంటికో వాగు దాటించి పంపేవాళ్ళు. ఆవు చూడిదైతే దొడ్డి మార్చేవాళ్ళు. పిల్లి లెక్కకు వస్తుందా రాదా అని అవ్వ రెండు రోజులు తర్జనభర్జన పడింది. చిన్నమ్మ ముఖం చూసి, "ఎలికలు పట్టేది కదా, పోనీ" అని ఒక మెట్టు దిగింది. అవ్వ అలా దిగడం నేను ఇంకెప్పుడూ చూడలేదు.

ఏడో నెలలో పుట్టింటివాళ్ళు ఏడు రకాల అన్నాలు వండి తెచ్చి, గాజులు తొడిగించి, కోడలి చేత తినిపించే వేడుక. విరుదునగరం నుంచి చిన్నమ్మ తల్లి, ఇద్దరు మేనత్తలు గూడుబండిలో ముందు రోజే వచ్చారు. రైలు ఉండనే ఉంది గాని, అంత చప్పుడు చేసేదానిలో శుభానికి వచ్చేవాళ్ళు ఎక్కకూడదని అవ్వ కబురు పెట్టింది. తెల్లవారేసరికి పెరట్లో మూడు పొయ్యిలు మండుతున్నాయి. బెల్లపన్నం, కొబ్బరన్నం, నిమ్మకాయన్నం, నువ్వులన్నం, పెరుగన్నం, మినపప్పు అన్నం, వీటన్నిటికీ పెద్దగా పులిహోర. ఆ పులికాచలు వాసన నూనె తేలి, పొగతో కలిసి, దూది గదిలో దూదికి కూడా పట్టింది. వడ్డనకు ముందు పులిహోరలోంచి దోసెడు తీసి, వేరుశనగపప్పులు పైకి కనిపించేలా ముద్ద చేసి, అరిటాకులో పెట్టి లోపలి గదిలో ఉంచారు. అది మొదటి ముద్ద. గాజులు తొడగడం అయ్యాక, కడుపుతో ఉన్నది తూర్పు ముఖంగా కూర్చుని మొట్టమొదట తినాల్సింది అదే. అది లోపల బిడ్డ భాగమని, దాన్ని వేరే ఎవరు తిన్నా బిడ్డకు నిలిచే రాత వాళ్ళు తిన్నట్టని మా వాళ్ళ నమ్మకం.

"నువ్వు ఈడనే కూచో," అని అవ్వ నన్ను ఆకు ముందు కూర్చోబెట్టింది. "ఆ పండుని ఈ పొద్దు ఇంట్లోకి రానియ్యొద్దని చెప్పుండాను. వస్తే తరుము. కదిలితివో, కాళ్ళిరగ్గొడతా."

నడవలో గాజుల మలారం విప్పారు. ఎర్రవి, పచ్చవి, పసుపువి, అందరూ తలా ఒక జత తొడుగుతుంటే గలగలమని ఇల్లంతా మోగుతోంది. గడప సందులోంచి నాకు చిన్నమ్మ సగం కనిపిస్తోంది. పట్టుచీర కొంగు ఒడి నిండా కప్పుకుని, చెమటలు ధారలు కడుతున్నా తీయకుండా, అలాగే బిగుసుకుని కూర్చుని ఉంది. పెద్దావిడ ఒకరు కొంగు సర్దబోతే, "వొద్దత్తా, ఇట్లే ఉండనీ" అంది. పాటలు మొదలయ్యాయి. ఒక పాట అయితే ఇంకొకరు ఎత్తుకుంటున్నారు. పొద్దున్నుంచి నా కడుపులో పడింది గుక్కెడు అంబలి. మొదట ఒక వేరుశనగపప్పు తీశాను, తీసిన గుంట కనిపించకుండా పక్కనున్నది జరిపాను. జరిపినది సరిగా కుదరలేదని దాన్ని కూడా తిన్నాను. ముద్ద ఒక పక్కకు ఒరిగినట్టు అనిపించి, రెండో పక్క కూడా కొంచెం తీసి సమం చేశాను. అలా సమం చేస్తూ చేస్తూ పోగా, పాట అయ్యేసరికి అరిటాకు మీద నూనె మరక, ఒక కరివేపాకు మిగిలాయి. రెండు చేతులూ పావడాకు తుడుచుకున్నాను.

అవ్వ వచ్చింది. ఆకు చూసింది. నన్ను చూసింది.

"పండు తినిడిచె అవ్వా," అన్నాను.

అక్కడితో ఆపి ఉంటే, అవ్వ ఒక తిట్టు తిట్టి మళ్ళీ ముద్ద చేసి పెట్టేదేమో. కానీ వెనకాల గడపలో ఆడవాళ్ళు పోగయ్యారు. రెండు నెలలుగా మురుకులు పెట్టి వింటున్నవాళ్ళు, ఆ ముఖాలన్నీ నా వంకే చూస్తున్నాయి. అంతమంది చూస్తే నా నోరు నా మాట వినదు.

"వచ్చి అట్లా ఇట్లా చూసె. పొట్ట బరువుకి మెల్లిగా కూచునె, నువ్వు కూచుంటావే అట్లే, కాలు మడుచుకోని. నేను తరిమితే నా పక్క ఒక చూపు చూసె, నాకు కాళ్ళు చేతులు ఆడలే. మూడు ముద్దలు తినె. తినేసి మీసం తుడుచుకోని పోయె."

అవ్వ గొంతు మారిపోయింది. "ఏ పక్క తిరిగి తినె?"

"తూరుపు పక్క," అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. కథకు అది బాగుంటుందని అనిపించింది, అంతే. గడపలో ఎవరో "అమ్మా" అని గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. ఆకలికి తిన్న పిల్లి అయితే పిల్లే. తూర్పు తిరిగి మూడు ముద్దలు తిన్నదంటే అది తన కడుపులోవాటి కోసం, తెలిసి, ముచ్చట జరిపించుకున్నట్టు.

"బిడ్డ బాగం దాని కడుపులోకి పోయె," అంది అవ్వ. "రెండు కడుపులు ఒగే ఇంట్లో ఒద్దని నేను చెప్తానే ఉంటి, నేనే మెత్తబడితి. ఇంగ ఇది ఒక్క రోజు కూడా ఈడ ఉండగూడదు."

మళ్ళీ ముద్ద చేశారు, చిన్నమ్మ తిన్నది, దిష్టి తీశారు, భోజనాలు జరిగాయి. ఏడు అన్నాలలో ఒక్క మెతుకు కూడా నేను ముట్టలేదు. మరునాడు పొద్దున విరుదునగరం బండి తిరిగిపోయేటప్పుడు, పండును అది వచ్చిన మిరపకాయల గంపలోనే పెట్టి గుడ్డ కట్టారు. కానుపుకు చిన్నమ్మ అక్కడికే పోవాలి కాబట్టి ఆ ఇంటికి కూడా చేర్చకుండా, ఆ ఊరికి ఇవతల పత్తి అంగళ్ళ దగ్గర వదిలేయాలని అవ్వ ఆన. గంపలోంచి అరుపు కాదు, పసిపిల్ల గొంతు లాంటి సన్నటి మూలుగు. చిన్నమ్మ స్తంభం పట్టుకుని నిలబడి ఉంది, చేతుల నిండా గాజులు. ఒక్కటి కూడా కదలలేదు. అత్తకు ఎదురు మాట్లాడే కాలమా అది, అందులోనూ రెండు పోగొట్టుకున్న కోడలు.

బండివాడు అదిలించబోతుండగా నేను వెళ్ళి ఎడ్లకు అడ్డంగా నిలబడ్డాను.

"పండు తినలే! నేను తింటి. నేనే తింటి!"

అవ్వ నా వంక చూసిన చూపులో అనుమానం గింజంత పడింది. నేను ఇంకేదైనా చెప్పాలి, ఎలా తిన్నానో, ఎటు తిరిగి తిన్నానో. కానీ ఆశ్చర్యం, ఒక్క ముక్క రాలేదు. నిజానికి తాలింపు పెట్టడం నాకు చేతకాలేదు. అప్పుడు స్తంభం దగ్గర నుంచి చిన్నమ్మ గొంతు వినిపించింది.

"అబద్దం చెప్తా ఉండాది అత్తా. పిల్లి కోసరం. దీనికిది కొత్తా?"

అందరూ ఊపిరి వదిలి నవ్వారు. "పావం, ప్రేమ," అన్నారు. అవ్వ నన్ను పక్కకు లాగి తల నిమిరింది. బండి కదిలింది. లోకమంతా నమ్మకపోయినా నమ్ముతుందనుకున్న ఒక్క మనిషి నా నిజాన్ని నమ్మలేదే అని, ఆ దుమ్ములో నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

తరువాతి రోజుల్లో చిన్నమ్మ చేయి తనకు తెలియకుండానే ఒడిలో గాలిని నిమిరేది. బావి గట్టు మీద చూసి చూసి కాళ్ళు వేసేది, అక్కడ ఏదో పడుకుని ఉన్నట్టు. ఎనిమిదో నెల ప్రయాణం కూడదు కాబట్టి తొమ్మిది పడ్డాక గూడుబండి వచ్చి ఆవిడను విరుదునగరం తీసుకుపోయింది.

ఆవిడ పోయిన నాలుగో రోజు పండు వచ్చింది.

ముప్పై మైళ్ళు. ఎన్ని చేలు, ఎన్ని కుక్కలు, ఎన్ని బండిదారులు. నేను పిల్లలకు చెప్పేటప్పుడు అది సాత్తూరులో రైలెక్కి, టిక్కెట్టు లేదని దింపేస్తే నడిచి వచ్చిందని చెబుతాను; అది కోత. అది ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. తెలిసింది ఇది: ఎముకలు లెక్కపెట్టేలా ఉంది, ఒక చెవి సగం లేదు, పొట్ట ఖాళీ, పాలు ఎండిపోయి ఉన్నాయి. పిల్లల్ని ఏ గోడ పక్కన ఈని, ఎలా పోగొట్టుకుందో. లోపలికి వచ్చి మా ఎవరి వంకా చూడకుండా, చిన్నమ్మ చాప వాసన చూసింది, పెట్టె వాసన చూసింది, బావి గట్టు చుట్టూ తిరిగింది, దూది గదిలోకి వెళ్ళి అరిచింది. నేను దాన్ని పత్తి వెనక దాచబోతే అవ్వ చూడనే చూసింది. తిట్టలేదు. "ఇప్పుడు ఇంట్లో కడుపుతో ఎవురూ లేరు కదా, ఉండనీ," అని పెరుగన్నం కలిపి తనే పెట్టింది. పండు ముట్టలేదు. దాని ముందు గొంతుక్కూర్చుని, నేను మొదటిసారి నిజంగా ఏదైనా చెప్పాలని ప్రయత్నించాను. చిన్నమ్మ విరుదునగరంలో ఉంది, నువ్వు వచ్చిన ఊరే, నువ్వు ఉన్నచోటే ఉంటే ఆవిడే వచ్చి ఉండేది అని. పిల్లి రెప్పలు వేసింది. ఎన్నిసార్లు వేసిందో లెక్కపెట్టలేదు. మూడో రోజు పొద్దున లేచి చూస్తే లేదు. బండిదారిలో ఉత్తరంగా పోతుండగా చూశామని పత్తి ఏరడానికి పోయినవాళ్ళు చెప్పారు.

పది రోజులకు విరుదునగరం నుంచి మనిషి వచ్చాడు. మగబిడ్డ. రెండు రోజులు ఉన్నాడు.

అవ్వ వాకిట్లో కూర్చుంది, వక్కలు కత్తిరించలేదు. "ఆ పిల్లి తినిడిచె నా మనమణ్ణి," అంది. ఊరంతా ఆ మాటే అంది. ఆ మాట అన్నప్పుడల్లా నేను పావడా అంచును గుప్పిట్లో దాచుకునేదాన్ని. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ నూనె మరక పోలేదు.

మూడు నెలలకు చిన్నమ్మ తిరిగి వచ్చింది. గడపలో కాళ్ళు కడుక్కుంటూనే, ఎవరూ వినకుండా, "పండు కనపడెనా?" అని అడిగింది. వచ్చిందనీ, నిన్ను వెతుక్కుని పోయిందనీ చెప్పలేకపోయాను. "విరుదునగరంలో నూనె అంగడి వెనక ఉండాదంట చిన్నమ్మా. నాలుగు పిల్లలంట. అంగడివాళ్ళు పాలు పోస్తారంట, లావయిపోయిందంట," అన్నాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేసి, "సరి, నల్లగా ఉండనీ" అంది. నల్లగా అంటే బాగా అని. తరువాత చిన్నమ్మకు ఇద్దరు కొడుకులు పుట్టారు, నిలిచారు. మళ్ళీ పిల్లిని మాత్రం పెంచలేదు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. గోడలు అదే నల్లమట్టిలో కలిసిపోయాయి, దూది గది ఉన్నచోట ఎవరో మిరప వేశారు. గూడుబండ్లు పోయాయి, మలారం భుజాన వేసుకుని వచ్చే గాజులవాడు పోయాడు, ఏడు అన్నాల వేడుక ఒక పూటలో ముగిసిపోయి అందరూ బస్సుకు పరిగెత్తుతున్నారు. అవ్వ పోయి ముప్పై ఏళ్ళు. ఆ రోజు ఆ వేడుకలో ఉన్న ఆడవాళ్ళలో మిగిలింది చిన్నమ్మ, నేను.

పోయిన నెల నేను వెళ్ళేసరికి చిన్నమ్మ పెద్ద కోడలికి ఏడో నెల. మరునాడు గాజులు తొడుగుతారని, పులికాచలు ముందే కాచి పెట్టుకుంటోంది. అరవై దగ్గరపడిన మనిషి, పొయ్యి ముందు చెమటలు కారుతూ. నేను పక్కన కూర్చుని ఏదో ఒకటి చెబుతూ, చెబుతూ, ఉన్నట్టుండి అడిగేశాను, ఇన్నేళ్ళలో అడగనిది.

"చిన్నమ్మా, ఆ పొద్దు నేనే తింటినని చెప్తినే. నువ్వు ఏల నమ్మలే?"

గరిటె ఆగలేదు. "ఎవురు చెప్పె నమ్మలేదని?"

నేను పొయ్యి దగ్గరికి జరిగాను.

"పండు అప్పుడు నా వొళ్ళో ఉండెమ్మి, కొంగు కింద. గాజుల చప్పుడుకి బయపడి దూరుకోని ఉండె. మీ అవ్వ చూస్తే తరుముతాదని నేను కొంగు తియ్యలే. పాటలన్నీ అయ్యేదాకా గురగురమంటానే ఉండె." ఆవిడ నూనె తేలిందా అని వంగి చూసింది. "అదీగాక పిల్లి యాడన్నా పులుపు తింటాదా? మీ అవ్వకీ ఆ సంగతి తోచలే, ఊరికీ తోచలే. నువ్వు చెప్పిన తీరు అట్లా ఉండె."

"మరి ఏల అబద్దమంటివి?"

"ఇంగేమి చేద్దును? నాకు ముందే రెండు పోయె. మూడోదీ నిలుస్తాదని నాకు నమ్మకం లే. అది పోతే, ఎవురు తినిరో వాళ్ళ మీద పడతాది. తొమ్మిదేండ్ల పిల్లవి. బిడ్డను తిన్నదని పేరు పడితే, నిన్ను ఎవురు చేసుకుందురు, ఎవురి కానుపుకి పిలుద్దురు?" గరిటె పక్కన పెట్టింది. "పిల్లికైతే కాళ్ళుండాయి, యాడన్నా బతుక్కుంటాదిలే అనుకుంటి. నువ్వు కూడా నూనె అంగడి అంటివి, నాలుగు పిల్లలంటివి."

నేను నోరు తెరిచాను. అది వచ్చిందని, చాప వాసన చూసిందని, పెరుగన్నం ముట్టలేదని చెప్పాలి. ఆవిడ కళ్ళు నా ముఖం మీదే ఉన్నాయి. అవి నమ్ముతున్న కళ్ళో, నమ్మినట్టు ఉండమని అడుగుతున్న కళ్ళో నాకు తెలియలేదు. ఎన్నో కథలు కట్టిన నోటికి ఈ ఒక్క నిజం ఎత్తడానికి బలం చాలలేదు.

"అవును చిన్నమ్మా," అన్నాను. "నాలుగు పిల్లలు."

ఆవిడ గిన్నెలో వేడి అన్నం వేసి, పులికాచలు ఒక గరిటెడు కలిపి, వేరుశనగపప్పులు పైకి కనిపించేలా ముద్ద చేసి, ఆకులో పెట్టి నా ముందుకు జరిపింది. "దా, తిను. రేపటిది వేరే ఉండాది. ఇది నీదే." తరువాత నవ్వింది, ముందు పళ్ళు రెండు లేవు. "తూరుపు తిరుక్కో."

తిరిగి కూర్చున్నాను. తూర్పున కిటికీ, కిటికీ అవతల గోడ. ఆ గోడ మీద అప్పుడే ఎర్ర మచ్చల పిల్లి ఒకటి నడిచిపోయిందని రాయడానికి చెయ్యి లాగుతోంది. నడవలేదు. గోడ ఖాళీగానే ఉంది.